బ్యాగు కన్నా ప్రాణం మిన్న!

ఆదిలాబాద్, నిర్మల్ పల్లెల్లో ‘దుబాయ్ పోవుడు’ కొత్త మాటేం కాదు. బతుకుదెరువు కోసం శంషాబాద్ వెళ్లి విమానమెక్కేవాళ్లు ముందు చూసేది టికెట్టు ధర. ఆ తర్వాతైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది... ఏ విమానం భద్రం?

తరచూ మొదట వినిపించే పేరు ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్. జెట్ విమానాలొచ్చాక ఆ సంస్థలో ప్రాణాలు పోయిన ప్రమాదమే లేదు. 2010లో ఇంజిన్ పేలినా, 469 మందితో ఉన్న దాని ఎ380 విమానం సింగపూర్‌లో క్షేమంగా దిగింది.

మచ్చ లేకపోవడమే భద్రతా? కాదంటుంది జపాన్ ఎయిర్‌లైన్స్ కథ. 1985లో ఒక్క ప్రమాదంలోనే 520 మంది చనిపోయారు. ఆ విమాన శకలాలను భద్రపరిచి, 2006 నుంచి వాటిని చూపిస్తూ సిబ్బందికి పాఠాలు చెబుతోంది. 2024 జనవరి 2న టోక్యోలో ఆ సంస్థ విమానం, కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని కాలిపోయింది. చిన్న విమానంలో ఐదుగురు మరణించారు. పెద్దదాంట్లోని 379 మందీ బయటపడ్డారు. సామాన్లు వదిలేసి దిగమన్న సిబ్బంది మాట వినడమే వాళ్లకు శ్రీరామరక్ష అయింది!

2016లో తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వేపై కూలింది. అందులోని 300 మందీ బతికారు. కానీ పొగ కమ్ముకుంటున్నా కొందరు బ్యాగుల కోసం ఆగారు. మంటలార్పుతూ ఒక అగ్నిమాపక ఉద్యోగి ప్రాణాలు కోల్పోయారు.

సగం తలుపులే తెరిచినా 90 సెకన్లలో అందరూ దిగగలిగితేనే విమానానికి అనుమతి. ఆ లెక్కలో బ్యాగు తీసుకునే సమయం లేదు. అందుకే ఎక్కేముందే పాస్‌పోర్టు, వీసా కాగితాలు జేబులో పెట్టుకోండి. మిగతావి మళ్లీ సంపాదించుకోవచ్చు!