కమాను కట్టయు మామిడికాయయు

వేసవి వచ్చెనన్నచో విస్సన్నపేట, నూజివీడు ప్రాంతముల తోటలనుండి చిన్నరసాలును, బంగినపల్లి కాయలును నింపుకొని విజయవాడ చెంతనున్న నున్న మార్కెట్టునకు సాగు పికప్పు బండ్లకు తెరపి యుండదు. తోటబాటల గోతులలో అడుగుభాగము తగులకుండుటకును, బరువునకు వెనుకభాగము క్రుంగకుండుటకును బండిని ఎత్తు చేయించుట కలదు. అట్లు చేసినచో కుదుపు తగ్గునా, హెచ్చునా యను ప్రశ్నకు సమాధానము ఎత్తులో గాక, ఆ యెత్తును సాధించిన విధానములో నున్నది.

పికప్పు వెనుకభాగపు బరువును మోయునవి కమాను కట్టలు, అనగా ఉక్కుపట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులు. ఇరుసునకును కట్టకును నడుమ ఇనుపదిమ్మ నుంచి, పొడవైన యూ-బోల్టులతో బిగించినచో బండి లేచును గాని కట్ట బిగువు మారదు. కుదుపు ఇంచుమించు పూర్వమువలెనే యుండును. కట్టకు అదనపు పట్టీ చేర్చి ఎత్తినచో మాత్రము కట్ట వంగుట తగ్గి, గతుకును గతుకుగానే పైకి పంపును. పైబరువునకు 25 సెంటీమీటర్లు వంగు స్ప్రింగుపై బండి సెకనునకు ఒక్కమారు ఊగును. 6 సెంటీమీటర్లే వంగినచో రెండుమారులు ఊగును. నిండులోడునకై బిగించిన కట్ట ఖాళీబండి క్రింద వంగుట స్వల్పము కావున, తిరుగు ప్రయాణములో ఆ బిగువంతయు డ్రైవరు నడుమునకే తెలియును.

సగము లోడుతో పోవునపుడు కష్టము కాయలది. కుదుపు త్వరణము భూమ్యాకర్షణను మించిన క్షణమున పైవరుస కాయలు లేచి క్రిందివానిపై పడును. ఆ దెబ్బ పచ్చికాయపై కానరాక, మాగిన పిదప నల్లని మచ్చయై బయటపడును. అప్పటికి కాయ చేతులు మారియుండును.

దిమ్మ వేసి ఎత్తినను చిక్కులు లేకపోలేదు. షాక్ అబ్జార్బర్లకు తగిన పొడవు లేనిచో, చక్రము గోతిలోనికి దిగునపుడు అవి తమ హద్దు ముట్టి ఠక్కున ఆగును. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు హెచ్చి వణకు పుట్టవచ్చును. గురుత్వకేంద్రము పైకి జరిగి, మలుపులలో బండి మరింత ఒరగును. ఇదిగాక, రిజిస్ట్రేషన్ పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను శాసించుచున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ నియమమును గట్టిగా సమర్థించినది.

కావున పట్టీ చేర్పింపబోవు యజమాని ముందుగా అరిగిన బుష్షులను, నూనె కారు షాక్ అబ్జార్బర్లను మార్పించి, టైర్లలో గాలి సరిచూచి, అనుమతించిన బరువునకే లోడును పరిమితము చేయవలెను. వంగవలసినచోట కమాను కట్టను వంగనిచ్చుటయే బండికిని, మనిషికిని, ఏడాదిపాటు తోట కాచిన రైతునకును మేలు.