గాజు గొట్టంలో ఉసిరికాయ

వేంసూరు నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు వెళితే రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు, మామిడి తోటలు. ఇంకా ముందుకు, భద్రాచలం దారిలో, ఉసిరి, ఇప్ప చెట్లున్న అడవి. పామాయిల్ గుండెకు మంచిదా, చెడ్డదా అన్న పంచాయితీ ఎప్పటికీ తెగదు కాబట్టి దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. తిన్న మొక్క రక్తంలోని కొవ్వును పెంచడమో తగ్గించడమో ఒక సంగతి. ఆ కొవ్వును కొలిచే పరీక్షనే తికమక పెట్టడం మరో సంగతి. ఈ విశేషాలన్నీ ఆ రెండో సంగతివే.

ల్యాబ్‌లో మిషన్‌కు కొలెస్ట్రాల్ కనిపించదు. దానికి కనిపించేది రంగు. రక్తాన్ని గిర్రున తిప్పి పైన తేరిన సీరమ్‌ను తీసి, అందులో ఎంజైములు కలుపుతారు. ఒక ఎంజైము కొలెస్ట్రాల్‌ను ఆక్సీకరిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము ఆ పెరాక్సైడ్‌తో రెండు రసాయనాలను కలిపి గులాబీ రంగు తెప్పిస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే కాగితం మీద అంకె అంత పెద్దది. ట్రైగ్లిజరైడ్ల పరీక్ష కూడా చివరికి ఈ గులాబీ రంగు దగ్గరికే వస్తుంది. కొలెస్ట్రాల్‌ను ఇలా ఎంజైములతో కొలిచే పద్ధతిని అలెయిన్ అనే శాస్త్రవేత్త బృందం ప్రచురించింది 1974లో.  

ఆ పెరాక్సిడేజ్‌ను తీసేది ఒక దుంప నుంచి! ఆవాలు, ముల్లంగి కుటుంబానికే చెందిన హార్స్‌రాడిష్ అనే ఘాటైన యూరప్ వేరు అది. మన దేశంలో కాపురమున్న ఇంగ్లీషువాళ్లు ఆ ఘాటు మీద మనసు చంపుకోలేక దాని బదులు మునగ వేరు తురుముకుని తినేవారు. అంటే తిండి సంగతి పక్కన పెట్టినా, మొక్క ముందే పరీక్షలో దూరి కూర్చుంది.

ఇక ఉసిరి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాముల విటమిన్ సి అని ఉంటుంది. గొట్టంలో పుట్టిన పెరాక్సైడ్ రంగుగా మారేలోపే విటమిన్ సి దాన్ని తినేస్తుంది. రంగు పలచబడుతుంది, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తాయి. అలాగని పరీక్ష ముందు రోజు ఉసిరికాయ పచ్చడి మానేయనక్కర్లేదు. తిండి ద్వారా రోజుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు దాటాక రక్తంలో విటమిన్ సి పెద్దగా పెరగదు, మిగులును మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. చిక్కంతా సెలైన్‌లో కలిపి గ్రాములకు గ్రాములు ఎక్కించే విటమిన్ సి తోనే. నోటి దారిలో ఉన్న కాపలా నరం దారిలో ఉండదు. అలాంటి డ్రిప్ పెట్టించుకున్న రోజున లిపిడ్ ప్రొఫైల్‌కు రక్తం ఇవ్వకపోవడమే మంచిది.

దీనికి కంపెనీలు కనిపెట్టిన విరుగుడు కూడా తోటలోదే. విటమిన్ సి ని ముందుగానే విరిచేసే ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును చాలా కిట్లలో కలుపుతారు. అది దొరికేది గుమ్మడి, దోస జాతి కాయల్లో.

విటమిన్ సి అన్ని పరీక్షలకూ శత్రువని కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలి రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫోలిపిడ్లు అనే రక్తపు కొవ్వులను వాటిలోని ఫాస్ఫరస్‌ను బట్టి లెక్కకట్టడానికి దశాబ్దాల పాటు అదే దిక్కయింది. 1956లో వచ్చిన మరో తీరులో ఆ నీలి రంగు రప్పించే పని విటమిన్ సి కే అప్పగించారు. ఒక గొట్టంలో రంగు చెరిపేది ఇంకో గొట్టంలో రంగు తెస్తోంది.

ఉల్లిపాయలోని క్వెర్సిటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు కూడా గులాబీ రంగును ఇలాగే పలచన చేయగలవు. తిన్నాక రక్తంలోకి చేరేది బహు తక్కువ కాబట్టి రోగికి భయం లేదు. భయపడాల్సింది పరిశోధకుడు. ఆకు పసరును నేరుగా గొట్టంలో పోసి, అంకె తగ్గింది కనుక కొవ్వు కరిగిందని రాసేస్తే, కరిగింది రంగు మాత్రమే కావచ్చు. మూలికల గురించి వచ్చే ఘనమైన వార్తలు చదివేటప్పుడు నాకు ముందు ఈ అనుమానమే వస్తుంది.

అన్నిటికన్నా విచిత్రమైనది నువ్వులు, వేరుశనగ, వంట నూనెల్లో ఉండే సిటోస్టెరాల్ కథ. చూడటానికి అచ్చం కొలెస్ట్రాల్ తమ్ముడే. తిన్నదాంట్లో నూటికి 5 పాళ్లు కూడా మన పేగులు లోపలికి రానివ్వవు. రోజుకు 2 గ్రాముల మొక్కల స్టెరాల్స్ తీసుకుంటే అవి పేగులో కొలెస్ట్రాల్‌కు చోటు లేకుండా చేసి, చెడ్డ కొలెస్ట్రాల్‌ను నూటికి 10 పాళ్ల దాకా తగ్గిస్తాయి. ఇది కొలతలో పొరపాటు కాదు, నిజమైన తగ్గుదలే. అయితే కొందరిలో ఏబీసీజీ5, ఏబీసీజీ8 అనే జన్యువులు పుట్టుకతోనే దెబ్బతిని ఉంటాయి. వాళ్ల పేగులు మొక్కల స్టెరాల్‌ను ఆపలేవు, కాలేయం బయటికి తోయలేదు. 1974లోనే భట్టాచార్య, కానర్ అనే పరిశోధకులు అమెరికాలో ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఈ జబ్బును మొదటిసారి వివరించారు. వాళ్ల స్నాయువుల మీద కొవ్వు గడ్డలున్నాయి. రక్తం నిండా మొక్కల స్టెరాల్స్ ఉన్నాయి.

మామూలు ల్యాబ్ ఎంజైము అన్నాతమ్ముళ్లను వేరుచేసి చూడలేదు. సిటోస్టెరాల్‌ను కూడా కొలెస్ట్రాల్ ఖాతాలోనే రాసేస్తుంది. చిన్న పిల్లాడికి మోచేతుల మీద, మడమల దగ్గర పసుపు గడ్డలు, రిపోర్టులో కొలెస్ట్రాల్ 400 పైన, అమ్మానాన్నలకు మాత్రం మామూలే, స్టాటిన్ మాత్రలు వాడినా అంకె సరిగా దిగదు. అలాంటప్పుడు గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎజెటిమైబ్ అనే మందు, నువ్వులూ గింజలూ నూనెలూ తగ్గించిన తిండి ఇస్తే అంకె గబగబా దిగుతుంది. చాలా అరుదైన జబ్బే, కానీ గుర్తించకపోతే ఏళ్లు గడిచిపోతాయి.

కొవ్వు పరీక్షనే కాదు, కామెర్ల పరీక్షనూ మొక్కలు తికమక పెడతాయి. గానుగ నుంచి వచ్చిన ముడి పామాయిల్ ఎర్రగా ఉండటానికి కారణం కెరోటిన్. ప్యాకెట్‌లోకి వచ్చేసరికి శుద్ధిలో అదంతా పోతుంది. మామిడి, బొప్పాయి, క్యారెట్ మితిమీరి తింటే అరచేతులు పసుపెక్కుతాయి, కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది. కామెర్లతో తేడా అక్కడే. సీరమ్ కూడా పచ్చగా మారుతుంది. అందుకే సీరమ్ పసుపును నేరుగా చూసి కామెర్లు కొలిచే పద్ధతిని పసిబిడ్డలకే పరిమితం చేశారు, వాళ్లింకా ఏ కాయా పండూ తినలేదు కనుక.

చివరగా కల్లు. చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ను కొలవరు, లెక్కేస్తారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం, మొత్తం కొలెస్ట్రాల్ లోంచి హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసేయాలి. మొత్తం 200, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే ఎల్‌డీఎల్ 130. రాత్రి తాటికల్లో జీలుగు కల్లో గట్టిగా పట్టించి ట్రైగ్లిజరైడ్లు 300కు ఎక్కాయనుకోండి, మిగతావి కదలకపోతే ఎల్‌డీఎల్ 100 అని వస్తుంది. తాగినవాడికి చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గినట్టు! ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు, అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవమని ల్యాబ్‌ను అడగాలి.