పాత స్కోపులో గండి ఎక్కడ?

ఏరా అబ్బాయ్, పాత ఆసిలోస్కోపుకి స్విచ్చి వేస్తే గీత రావడం లేదా? పిక్చర్ ట్యూబు పోయిందని అప్పుడే దిగులు పడకు. ముందు పవర్ సప్లై సంగతి చూడు.

చాలాకాలం మూలన పడున్నదాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకు. సిరీస్‌లో ఓ పాతకాలపు ఫిలమెంటు బల్బు కలుపు, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే పర్వాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుందన్నమాట.

అమెరికా వాళ్ల టెక్‌ట్రానిక్స్ 465 తీసుకో. 1972లో వచ్చింది, 100 మెగాహెర్ట్జ్‌ది. లోపల 110, 55, 15, 5, మైనస్ 8 వోల్టుల సప్లైలుంటాయి. మిగతావన్నీ 55ని చూసే తమ వోల్టేజి సరిపెట్టుకుంటాయి. పెద్దకాలువలో నీళ్లు లేనప్పుడు పిల్లకాలువలు తవ్వి ఏం లాభం? అందుకే మీటరు ముందు 55 దగ్గర పెట్టాలి.

అది బాగానే ఉండి 15 మాత్రం సున్నా దగ్గర పడి ఉందనుకో, ఆ పిల్లకాలువకెక్కడో గండి పడింది. ఎక్కువగా అది టాంటలం కెపాసిటరే, చింతగింజంత ఉంటుంది. వయసు మళ్లాక షార్టవడం దానికి అలవాటు. ప్లగ్గు పీకేసి ఓమ్స్ చూస్తే మీటరు సున్నా దగ్గరే ఉంటుంది. ఒక్కో కెపాసిటరు కాలూ లేపుతూ పో. దేని కాలు లేపితే రీడింగు చటుక్కున పెరుగుతుందో అదే. కొత్తది వేసేటప్పుడు వోల్టేజి రేటింగు కాస్త ఎక్కువున్నది వెయ్యి.

వోల్టులన్నీ సరిగానే ఉన్నా గీత వణుకుతోందా? ఇంకో మంచి స్కోపుతో రెగ్యులేటరుకి ముందున్న రిపిల్ చూడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, బ్రిడ్జి రెక్టిఫయరు బాగుంటే అల 10 మిల్లీసెకన్లకొకటి రావాలి. అల అలాగే వస్తూ మరీ ఎత్తుగా ఉంటే ఫిల్టరు కెపాసిటరు ఎండిపోయింది. 20 మిల్లీసెకన్లకొకటి వస్తుంటే బ్రిడ్జిలో ఓ డయోడు తెగిపోయింది.

పిక్చర్ ట్యూబు వైపు వేల వోల్టులుంటాయి, అటు చెయ్యి పోనివ్వకు. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో చార్జీ మిగిలుంటుంది. రెసిస్టరుతో దాన్ని దింపాకే లోపల చెయ్యి పెట్టు.

అన్నీ కుదిరాక అన్ని సప్లైలూ ఇంకోసారి కొలువు. 55 సరిగ్గా ఉంటే దాని అడ్జస్ట్‌మెంటు జోలికి మాత్రం పోకు. ఊరికే కాస్త తిప్పావా, మిగతావీ దాని వెంటే కదుల్తాయి, క్యాలిబ్రేషనంతా మళ్లీ మొదటికొస్తుంది.