మెత్తని నేలలో కాంక్రీటు స్తంభములు: భారపరీక్ష తెలుపునది, తెలుపనిది

గంజాము జిల్లాలోని పొలసర వరిపొలముల నడుమనున్న ఊరు. 1999 అక్టోబరులోను, 2013 అక్టోబరు 12న గోపాలపూర్ చెంత తీరము దాటిన ఫైలిన్ తుపానులోను ఈ జిల్లావాసులు పక్కాకట్టడము విలువ నెరిగిరి. గోడ గాలికి నిలుచుట యొక యెత్తు, గోడ క్రింది నేల బరువునకు నిలుచుట యొక యెత్తు. నీరు పట్టిన మెత్తని బంకమట్టిపై పెద్ద కట్టడము లేపవలసినచోట భూమిని బలపరచు పద్ధతులలో నొకటి కాంక్రీటు స్తంభములను దింపుట. వాని భారపరీక్షను గూర్చి యీ వ్యాసమున వివరింతును.

మొదట నొక భేదము గుర్తింపవలెను. సాధారణమైన పైలు పునాదికి బిగింపబడి, కట్టడపు బరువునంతయు తానే మోయును. భూమిని బలపరచు స్తంభ మట్లుగాదు. దాని తలకును పునాదికిని నడుమ గట్టిగా దిమ్మిస చేసిన కంకరపొర యుండును. ఆ పొర బరువును స్తంభమునకు కొంత, మట్టికి కొంత పంచిపెట్టును. కుంగుదలను తగ్గించుటయే దీని ముఖ్యోద్దేశము.

ఉదాహరణమునకు 40 సెంటీమీటర్ల వ్యాసముగల స్తంభములను మీటరున్నర యెడముగా చదరపు వరుసలలో దింపితిమనుకొందము. ఒక్కొక్క స్తంభము పాలికి 2.25 చదరపు మీటర్ల నేల వచ్చును. చదరపు మీటరునకు 10 టన్నుల బరువున్నచో, ఆ పాలిమీది బరువు 22.5 టన్నులు. అందు నాలుగింట మూడుపాళ్లు, అనగా సుమారు 17 టన్నులు, స్తంభము వహించినచో మట్టికి మిగులునది సుమారు 5.5 టన్నులే.

ఈ లెక్క నిజమగునా యని చూచుటకే పరీక్ష. పైళ్లకై యేర్పడిన భారతీయ ప్రమాణము 2911, నాలుగవ భాగము (1985, సవరణ 2013) ఇందులకు మార్గదర్శకము. నిత్యపరీక్షలో పనిబరువునకు ఒకటిన్నర రెట్లు, అనగా మన యుదాహరణములో 25.5 టన్నులు, మోపవలెను. ప్రతిబలము దానికంటె నాల్గవవంతు హెచ్చుగా నుండవలెను గనుక 32 టన్నులు కావలెను. 50 కిలోల యిసుక బస్తాలైనచో 640 బస్తాలు! వీనిని దూలములపై పేర్చి, క్రింద హైడ్రాలిక్ జాకీ నుంచి, పనిబరువులో నైదవవంతు చొప్పున మెట్లుమెట్లుగా బరువు నెక్కింతురు. ప్రతి మెట్టునందును కుంగుదల వేగము అర్ధగంటకు 0.1 మిల్లీమీటరునకు తగ్గువరకు కనిపెట్టుట పద్ధతి. డయల్ గేజీలను మోయు దూలమునకు నీడ యవసరము; ఎండకు వంగిన దూలము లేని కుంగుదలను చూపగలదు.

ఇంతవరకు పరీక్ష చక్కగా జరిగినను, ఫలితము నర్థము చేసికొనుట వేరు. పరీక్షయందు బరువు స్తంభము తలపైననే పడును. చుట్టునున్న మట్టి బరువు లేక యుండును. కావున ఘర్షణ స్తంభమును నిడుపునను పైకి పట్టి నిలుపును. కట్టడము లేచిన పిదప మట్టియు కుంగును. పైభాగమున స్తంభముకంటె నెక్కువగా కుంగి, దానిని క్రిందికీడ్చును. పరీక్షలో సాయపడిన ఘర్షణయే యచ్చట భారమగును! ఇట్టి స్తంభములను గూర్చి ఫ్రాన్సుదేశమున 2012లో వెలువడిన 'అసిరి' సూచనలు మట్టి, స్తంభము, కంకరపొరల పరస్పర వ్యవహారమును కలిపి లెక్కింపవలెనని చెప్పుచున్నవి.

మరి రెండు లోపములు గలవు. బంకమట్టి నుండి నీరు పిండబడుటకు నెలలు, ఒక్కొక్కయెడ ఏండ్లు పట్టును. పరీక్ష యొకటి రెండు దినములలో ముగియును. ఒంటి స్తంభము ఒత్తిడి దాని చెంతనే చెదరును. వందలాది స్తంభముల సమూహపు టొత్తిడి లోతుగా దిగి, మొనల క్రింద మెత్తని పొర యున్నచో దానిని నొక్కును.

అట్లని పరీక్ష నిరర్థకము గాదు. స్తంభము విరిగినదా, మొన గట్టినేలను చేరినదా, దాని బిగువెంత యను ప్రశ్నలకది యుత్తరమిచ్చును. కట్టడ మెంత కుంగునను ప్రశ్నకు మాత్రము బోరుబావులతో చేసిన మట్టిపరీక్ష, సమూహపు లెక్క, కట్టిన పిదప కుంగుదల కొలతలు కావలెను. గేజీలో 12 మిల్లీమీటర్లు దాటలేదను నొక్కమాటతో తృప్తిపడక, ఈ మూడింటిని గూడ నడిగి తెలిసికొనుట కట్టించువారి కర్తవ్యము. తుపాను రాత్రి జనులు తలదాచుకొనున దట్టి కట్టడముననే గదా.