గ్యాసు లేని ఫ్లాటును విద్యుత్తుతో కాచుకొనుట

శీతలదేశములలో ఇల్లనగా గోడలును కప్పును మాత్రమే గాదు. వేడిమియు అందొక భాగమే. పుష్యమాసపు చలికి మనకొక కంబళి చాలును. బాలింతలకును వృద్ధులకును మంచముచెంత ఒక కుంపటి యుంచుదుము. బ్రిటనులో అట్లు సాగదు. అక్టోబరు మొదలుకొని ఏప్రిలు వఱకు ఇల్లు కాచుకొనవలసినదే. శీతకాలమున ఇంటిలోని వేడిమి 18 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో సూచించినది. తెలుగునాటినుండి విద్యకో ఉద్యోగమునకో ఆ దేశము పోయినవారు కొందఱు బిల్లునకు వెఱచి, హీటరు ఆర్పి, గదిలో కోటు తొడుగుకొని చదువుకొనుచున్నారు. ఖర్చు తగ్గించుటకు అంతకంటె మేలైన మార్గములు గలవు.

ఆ దేశమున పెక్కిండ్లు గ్యాసు బాయిలరుచేతనే వేడెక్కును. అయినను గ్యాసు లేని ఫ్లాటులును అనేకము కలవు. వానిలో కొన్నిటికి గ్యాసు లేకపోవుటకు విషాదకరమైన కారణమున్నది. 1968 మే 16వ తేదీ వేకువను, లండను తూర్పుభాగమున రోనన్ పాయింట్ అను 22 అంతస్థుల భవనములో, 18వ అంతస్థున ఒక స్త్రీ టీ కాచుకొనుటకు అగ్గిపుల్ల గీచెను. పొయ్యి గొట్టమునుండి కాఱిన గ్యాసు ప్రేలి గోడ యెగిరిపోయెను. భవనపు మూల యంతయు అంతస్థుపై అంతస్థుగా కూలెను. నలుగురు మరణించిరి. అగ్గిపుల్ల గీచిన యామె మాత్రము బ్రదికెను! ఆ రీతిగా పెద్ద సిమెంటు పలకలతో కట్టిన భవనములలో పెక్కింటినుండి పిమ్మట గ్యాసు తీసివేసిరి. అట్టిచోట్ల విద్యుత్తే శరణ్యము.

నిరోధముగల తీగెగుండ విద్యుత్తు పాఱినచో ఆ తీగె కాగును. ఎంత కాగునో లెక్క కట్టి చూపినవాడు ఇంగ్లండు దేశస్థుడగు జేమ్స్ జౌల్. పై తరగతుల బాలబాలికలు ఆ సూత్రమును చదివియే యుందురు. దానినుండి తేలు ముఖ్యవిషయ మేమనగా, ఒక యూనిటు విద్యుత్తు అట్టి తీగె గల ఏ హీటరులో వ్యయమైనను 3,600 కిలోజౌలుల వేడినే యిచ్చును. చౌకబారు ఫాను హీటరైనను, గోడకు తగిలించు ఖరీదైన పలక హీటరైనను, నూనె నింపిన రేడియేటరైనను ఇందు భేదము లేదు. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వేడి యిచ్చునని వీనిలో ఒకదానిని పొగడు ప్రకటనలు నమ్మదగినవి కావు. భేదమెల్ల వేడి యెట్లు చేరును, ఎప్పుడు చేరును అనుటలోనే యున్నది. ఫాను హీటరు చిన్నగదిని త్వరగా కాచును గాని చప్పుడు చేయును. నూనె రేడియేటరు మెల్లగా కాగి మెల్లగా చల్లారును. ఎఱ్ఱగా కాగి కిరణములు విసరు హీటరు గదిలోని గాలిని విడిచి ఎదుట కూర్చున్నవానిని కాచును. పెద్దగదిలో ఒక్కడే చదువుకొనువానికి ఇదియే లాభము.

మఱి ఖర్చు తగ్గుటెట్లు? మొదటి మార్గము వేళనుబట్టి విద్యుత్తు కొనుట. రాత్రి వాడుక తక్కువ గనుక అప్పుడు చౌకగా నిచ్చు “ఎకానమీ సెవెన్” అను పద్ధతి 1978లో వచ్చెను. రాత్రి ఏడుగంటలు ధర తక్కువ. పగలు మామూలుకంటె ఎక్కువ. స్టోరేజి హీటరులోని బరువైన యిటుకలు ఈ చౌకవేళను కాగి పగలు వేడి విడుచును. వేసవిలో మన కడపరాతి అరుగు పగలెల్ల ఎండకు కాగి, ప్రొద్దుపోవువఱకు వేడి చిమ్ముట ఎఱుగనివారెవరు? ఇదియు నదియే, రాత్రింబవళ్లు మాత్రము తాఱుమారైనవి. పాతరకపు హీటరుపై రెండు మీటలుండును. “ఇన్‌పుట్” అనునది రాత్రి ఎంత వేడి నింపవలెనో, “ఔట్‌పుట్” అనునది దానిని ఎంత త్వరగా విడువవలెనో నిర్ణయించును. రెండవదానిని పెంచి నిద్రించినచో వేడి ముందే వ్యయమై, సాయంకాలము ఇల్లు చేరునప్పటికి ఇటుకలు చల్లబడియుండును. కొత్తవారు చిక్కుపడునది ఇచ్చటనే. పగలు ఇంటనుండు వృద్ధులకు ఈ హీటరు తగినది. ఉదయము పోయి రాత్రి వచ్చు విద్యార్థికి అంతగా తగదు. రెండు ధరల మీటరు లేనిచో దీనివలన ఆదాయే లేదు.

రెండవ మార్గము వేడిని పుట్టింపక తోడుకొనుట. చలిగాలిలోను కొంత వేడి యుండును. దానిని యంత్రముచే లోనికి తెచ్చునది హీట్ పంపు. తరువాతి కాలమున లార్డు కెల్విన్ అని ప్రసిద్ధి చెందిన విలియం థామ్సన్ ఈ యూహను 1852లోనే ప్రకటించెను. 1945లో నార్విచ్ నగరమున జాన్ సమ్నర్ అను ఇంజనీరు నదీజలమునుండి వేడి తోడి, వ్యయమైన విద్యుత్తునకు సుమారు మూడింతల వేడితో ఒక భవనమును కాచెను. మన యూళ్లలో గది చల్లబఱచు ఏ.సి. యంత్రము దీని తోబుట్టువే. అది వేడిని వెలికి పంపును, ఇది లోనికి తెచ్చును.

గదికి దినమునకు 10 యూనిటుల వేడి కావలెననియు, మామూలు ధర 25 పెన్నీలు, రాత్రిధర 14 పెన్నీలనియు అనుకొందము. సాధారణ హీటరుతో 250 పెన్నీలగును. రాత్రి కాచిన యిటుకలతో 140. మూడింతలు తోడు పంపుతో సుమారు 83. పంపే మేలని తోచును. కాని దాని పెట్టె ఒకటి బయట అమర్చవలెను, భవనయజమాని యనుమతి కావలెను, మొదటిఖర్చు పెద్దది. స్వంత ఫ్లాటు గలవారు తప్పక ఆలోచింపవలసినది. ఏడాదికి అద్దెకు దిగినవారికి పనికిరాదు.

అద్దెవారు మొదట చేయదగినది కిటికీ సందులు మూసి, తలుపు క్రింద గుడ్డచుట్ట యుంచి, మందపు తెరలు కట్టుట. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోసిననేమి? అయితే గాలికై అమర్చిన రంధ్రములను మూయరాదు. మూసినచో తేమ నిలిచి గోడలకు బూజు పట్టును. ఒకే పొడిగింపు బోర్డునకు రెండు హీటరులు తగిలింపరాదు. అచ్చటి ప్లగ్గు 13 ఆంపియరులకు, అనగా సుమారు 3,000 వాట్లకు మించి తాళదు. 2,000 వాట్ల హీటరులు రెండైనచో బోర్డు కాగి నిప్పంటుకొనవచ్చును. బొగ్గుల కుంపటి తలంపే వలదు. మూసిన గదిలో దానినుండి వెడలు కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము.

ఇంగ్లండులో ఇల్లు అద్దెకిచ్చువారు ఎ మొదలు జి వఱకు తరగతి తెలుపు శక్తిపత్రమును చూపవలెను. 2018 నుండి కొన్ని మినహాయింపులతో ఇ కంటె తక్కువ తరగతి యిండ్లను అద్దెకిచ్చుట క్రమముగా నిషేధింపబడినది. ఫ్లాటు చూడబోవువారు ఒప్పందముపై సంతకము చేయకమునుపే ఈ పత్రమును, మీటరును, హీటరు రకమును చూడవలెను.