పాత చీరే మొక్కకు గొడుగు!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా రాయలసీమలో రోళ్ల దాకా ఎందుకు? మేడ మీది కుండీలను చూస్తే చాలు. కర్నూలులోనైనా, కడపలోనైనా మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏడాదంతా కళకళలాడిన తులసి, కరివేపాకు, టమాట మొక్కలు నాలుగు రోజుల్లో మాడిపోతాయి.

మేడ మీద 12 కుండీలు పెట్టిన మొదటి వేసవి నాకు బాగా గుర్తు. కర్నూలులో మా వీధికి కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు మెట్లెక్కి మోసి పోసేదాన్ని. అయినా మధ్యాహ్నానికి ఆకులన్నీ వాలిపోయేవి. మా అత్తగారు ఊరుకుంటారా! "అమ్మే, తాగేదానికే నీళ్లు లేకపాయె. చచ్చే చెట్లకు నాలుగు బిందెలు పోస్తావా?" అన్నారు. మాట కటువుగా ఉన్నా న్యాయమైనదే. నాకు జవాబు దొరకలేదు. ఆ ఏడు ఏడు మొక్కలు పోయాయి.

మరుసటి వేసవికి అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఫోన్‌లో ఒక ఉపాయం చెప్పింది. "అక్కా, ఇక్కడ బాగా చలి పడే రాత్రి కరివేపాకు మొక్కకు దుప్పటి కప్పుతా. బతికిపోతుంది" అంది. ఇంకేం! నేను ఒక నైలాన్ చీర తీసి కుండీలను మూటగట్టినట్టు చుట్టేశాను. మధ్యాహ్నం రెండింటికి అంచు ఎత్తి చూద్దును కదా, పొయ్యి మూత తీసినట్టు సెగ మొహానికి కొట్టింది. లోపల కొత్తిమీర, మిరప నారు ఉడికిపోయాయి!

చెల్లెలు చెప్పింది తప్పు కాదు. నేను అర్థం చేసుకోలేదంతే. చలి ప్రాంతాల్లో రాత్రిపూట నేలలోని వేడి ఆకాశంలోకి పోకుండా బట్ట ఆపుతుంది. అందుకే అంచులు నేలను తాకేలా కప్పి, పొద్దెక్కాక తీసేస్తారు. మన లంబసింగి లాంటి చోట, చలికాలంలో సున్నా డిగ్రీల దగ్గరికి దిగే రాత్రుల్లో అది పనికొస్తుంది. మన సీమ ఎండకు కావాల్సింది దానికి ఎదురు. పైనుంచి పడే ఎండ తగ్గాలి, పక్కల నుంచి గాలి ఆడాలి.

ఆలోచిస్తే, ఈ కిటుకు మా పుట్టింటి వైపు చిన్నప్పుడే చూశాను. కడప పక్కన చెన్నూరు తమలపాకు తోటల్లో తీగకంటే ముందు అవిసె విత్తుతారు. అవిసె ఎదిగి పలచని నీడ పరిచాక దాన్ని పట్టుకుని తీగ పాకుతుంది. ముందు నీడ, తర్వాతే తీగ. నేనేమో నీడ లేకుండా నీళ్లు మాత్రమే పోశాను.

ఆకు తన సన్నని రంధ్రాల నుంచి నీటిని ఆవిరిగా వదులుతూ చల్లబడుతుంది. ఎండ ముదిరి, వేరు అందించే నీరు చాలకపోతే ఆ రంధ్రాలు మూసుకుంటాయి. అప్పుడు ఆకు వేడెక్కి మాడుతుంది. నీడ ఉంటే ఆకు ఖర్చు చేసే నీరే తగ్గుతుంది.

పందిరి ఇలా వేయండి

* పలచబడ్డ పాత నూలు చీర, లేత రంగుది మేలు. ముదురు రంగు వేడిని పీల్చుకుంటుంది. నైలాన్, ప్లాస్టిక్ పట్టాలు వద్దు.

* నాలుగు కర్రలు పాతి, మొక్క కొసకు అడుగు ఎత్తున ఒకే మడతగా కట్టండి. బట్ట ఆకులకు తగలకూడదు.

* పడమటి వైపు కొంచెం కిందికి వాలేలా కట్టండి. మాడ్చేది మధ్యాహ్నం ఎండే. తూర్పు వైపు తెరిచి ఉంచితే పొద్దుటి లేత ఎండ తగులుతుంది.

* సాయంత్రం చీర తీసేయండి. మే నెల గాలిదుమారం కర్రలతో సహా లాక్కుపోతుంది. రాత్రి గాలి మొక్కకూ మంచిదే.

* కుండీలను నాపరాయి మీద, కడప బండల మీద నేరుగా పెట్టకండి. కాలిన బండ వేళ్లను వేయిస్తుంది. కింద రెండు ఇటుకలు పెట్టండి. కుండీ చుట్టూ తడి గోనెపట్టా చుడితే ఇంకా మంచిది. మన గాలిలో తేమ తక్కువ కాబట్టి తడి త్వరగా ఆరుతూ కుండీని చల్లబరుస్తుంది.

* మట్టి మీద వేరుశనగ పొట్టు రెండంగుళాల మందాన పరిస్తే తడి నిలుస్తుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పారబోయకుండా మొదట్లో పోయండి.

* పైపు ఎండలో ఉంటే మొదట వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి. అవి బక్కెట్లో పట్టి, చల్లారాక వాడండి.

కొనగలిగితే నర్సరీల్లో అమ్మే షేడ్‌నెట్ కూడా మంచిదే. సగం ఎండ ఆపే రకం చాలు.

అన్నిటికీ నీడ అక్కర్లేదు సుమా! ఆకుకూరలు, టమాట, మిరప, చిన్న కరివేపాకు, తమలపాకు, కుండీలోని తులసికి కావాలి. కాగితం పూలు, కలబంద, బిళ్లగన్నేరు, మల్లె ఎండకు ఓర్చుకుంటాయి. ఒకసారి ముద్దు చేసి మల్లెకూ చీర కట్టాను. ఆకు ఏపుగా వచ్చింది గానీ, వేసవంతా జడలోకి మూర పూలు రాలేదు!

పందిరి వేసిన ఏడు నాలుగు బిందెల చోట రెండు సరిపోయాయి. 12 కుండీల్లో ఒక్కటే పోయింది. ఆ లెక్క మా అత్తగారికి నేను చెప్పలేదు. మోసే బిందెలు ఆవిడే చూశారు. మే చివర్లో ఒకరోజు తన ట్రంకుపెట్టె తీసి, చివికిన నేత చీర ఒకటి నా చేతిలో పెట్టారు. "ఆ తులసమ్మ మింద ఇది కట్టు. నీది చిరిగిపాయె" అన్నారు.

మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక ఆ చీర ఉతికి, మడతపెట్టి దాచాను. మళ్లీ వేసవికి కావాలి కదా! మీ పెట్టెలోనూ అలాంటి చీర ఒకటి ఉండే ఉంటుంది. స్టీలు గిన్నెల వాడికి వేసేముందు ఒక్కసారి మేడ మీదికి వెళ్లి చూడండి.