పచ్చగా ఉన్నదంతా మేత కాదు

ఈ బ్లాగులో ఇన్నాళ్ళూ చదివిన పుస్తకాల గురించీ, అప్పుడప్పుడూ ఆఫీసు గోల గురించీ రాస్తూ వచ్చాను. ఈసారి గడ్డి గురించి. నవ్వకండి. రెండు నెలలుగా రాత్రిళ్ళు కూర్చుని గడ్డి గురించే చదువుతున్నాను. "ఇక నెమరు వేయడం ఒక్కటే తక్కువ" అంటోంది మా ఆవిడ.

జులై నాలుగో తారీఖు సెలవుకి మా టీమ్‌లో కుర్రాడొకడు వాళ్ళ ఊరికి రమ్మన్నాడు. మేముండే కాన్సస్ సిటీ నుంచి రెండు గంటల ప్రయాణం, ఉత్తర మిస్సోరీలో. వాళ్ళ నాన్నకి అరవై ఆవులున్నాయి. పాల మంద కాదు, దూడల్ని పెంచి అమ్ముకునే మంద. దారి పొడవునా కంటికి ఆనినంత మేరా పచ్చిక. రాయలసీమలో పుట్టినవాడికి ఆ పచ్చదనం చూస్తే ఇప్పటికీ కాస్త కడుపుమంటగానే ఉంటుంది. నంద్యాల పక్కన మా ఊళ్ళో ఏప్రిల్ వచ్చిందంటే పశువుకి ఎండు జొన్నచొప్ప తప్ప ఇంకేమీ ఉండదు. ఇక్కడి ఆవులది ఎంత అదృష్టం అనుకుంటూనే వెళ్ళాను.

వాళ్ళ ఊరి మలుపులో ఒక పొలం కనిపించింది. మోకాలెత్తు గడ్డి ఉంది, ఒక్క ఆవూ మేయడం లేదు. అన్నీ కుంటలో పొట్టలోతు నీళ్ళలో నిలబడి రొప్పుతున్నాయి. నడివేసవిలో కూడా ఒంటి మీద చలికాలపు బొచ్చు ఊడకుండా అట్టలు కట్టి ఉంది. ఎండ దెబ్బ కాబోలు అన్నాను మా కుర్రాడి నాన్నతో. డెబ్భై దాటిన మనిషి. "ఎండ మా ఆవులకీ ఉంది. అది గడ్డి చేస్తున్న పని" అన్నాడు.

ఆ గడ్డి పేరు టాల్ ఫెస్క్యూ. దాని కథ నిజంగా ఒక నవలకి సరిపోతుంది. 1931లో కెంటకీ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇ. ఎన్. ఫెర్గస్, మెనిఫీ కౌంటీలో ఒక కొండవాలు పొలంలో, మిగతా గడ్డంతా ఎండినా పచ్చగా నిలబడ్డ గడ్డిని చూశాడు. విత్తనం పట్టుకెళ్ళి పరీక్షించాక 1943లో 'కెంటకీ 31' పేరుతో విడుదల చేశారు. కరువుకి చావదు, పురుగుకి లొంగదు, పశువులు ఎంత కొరికినా మళ్ళీ లేస్తుంది. అలాంటి గడ్డి దొరికితే రైతు ఊరుకుంటాడా? ఇవాళ అమెరికా తూర్పు సగంలో సుమారు మూడున్నర కోట్ల ఎకరాల్లో టాల్ ఫెస్క్యూ ఉందని అంచనా.

అయితే ఆవులు దాన్ని తిని సరిగ్గా పెరగలేదు. చూలు నిలిచేది కాదు. పాలు తగ్గేవి. చలికాలంలో కొన్నిటికి చెవుల కొసలు, తోక చివర్లు, ఒక్కోసారి గిట్టలు కూడా కుళ్ళి రాలిపోయేవి. గడ్డిని పరీక్షిస్తే మాంసకృత్తులు బాగానే ఉన్నాయి, అరుగుదలా ఫర్వాలేదు. కాగితం మీద మంచి మేత, కడుపులో పడితే కాదు. (మా వృత్తిలో వాళ్ళకి ఈ బాధ తెలుసు: టెస్టులన్నీ పాసవుతాయి, ప్రొడక్షన్‌లో పడుకుంటుంది.) కారణం తెలియడానికి 1970ల దాకా పట్టింది. జార్జియాలో ఛార్లెస్ బేకన్, ఆయన తోటివాళ్ళు ఆ గడ్డి కణాల మధ్య కాపురముండే ఒక శిలీంధ్రాన్ని పట్టుకున్నారు. అది కంటికి కనిపించదు. ఆకు మీద మచ్చ పెట్టదు. విత్తనంలోనే కూర్చుని ఒక తరం నుంచి ఇంకో తరానికి పోతుంది. గడ్డికి కరువునీ పురుగునీ తట్టుకునే శక్తినిచ్చేది అదే. అది తయారుచేసే విషాల్లో పశువుని ముఖ్యంగా దెబ్బతీసేది ఎర్గోవాలిన్. అది పశువు రక్తనాళాలను కుదించేస్తుంది. ఎండాకాలంలో ఒంట్లో వేడి బయటికి పోదు కాబట్టి మేత మానేసి కుంటలో దిగుతుంది. చలికాలంలో కొసలకి రక్తం అందదు.

అయితే ఆ శిలీంధ్రం లేని విత్తనం వేస్తే సరిపోదా అని నేనూ అడిగాను. వేశారు. ఆవులు చక్కగా పెరిగాయి, గడ్డి చచ్చిపోయింది. ఒక కరువు, నాలుగు రోజులు ఎక్కువ మేపడం, అంతే. చివరికి దారి చూపింది న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు. గడ్డిని కాపాడుతూ ఎర్గోవాలిన్ మాత్రం చేయని శిలీంధ్ర జాతులను వెతికి గడ్డిలో పెట్టారు. అలాంటి విత్తనం ఇప్పుడు దొరుకుతుంది. కానీ పాత గడ్డిని మందు కొట్టి చంపి, మధ్యలో ఇంకో పంట వేసి, మిగిలింది మళ్ళీ చంపి, అప్పుడు విత్తాలి. ఖర్చుతో పాటు ఆ చేను ఆ ఏడాది మేతకి పనికిరాదు. పెద్దాయన ఒక్క చేనులోనే వేయగలిగాడు. మిగతా పొలమంతా ఇప్పటికీ పాత కెంటకీ 31. పక్క పొలంలో ఉన్నదీ అదే.

మరి ఈయన ఆవులు కుంటలో లేవేం? నాకు నిద్ర పట్టనీయని సంగతి ఇదే. ఆ విషం మొక్కంతా సమానంగా ఉండదు. అన్నిటికన్నా ఎక్కువ కంకిలో, ఆ తరవాత నేలకి ఆనుకున్న కాడ మొదట్లో. మధ్యలో ఉన్న ఆకులో తక్కువ. పక్క రైతు ఏప్రిల్లో మందని ఒకే పెద్ద పొలంలో వదిలి గేటు వేశాడు. ఆవు తెలివైనది, ముందు లేత ఆకు తింటుంది. నాలుగు రోజులకి అక్కడే చిగురొస్తే మళ్ళీ వెళ్ళి దాన్నే కొరుకుతుంది. అలా కొన్నిచోట్ల నేల దాకా గీకేస్తుంది, అక్కడ తినేది విషమున్న మొదలు. కొన్నిచోట్ల ముట్టదు, అక్కడ గడ్డి ముదిరి కంకి వేస్తుంది. అదీ విషమే. నేను అదృష్టమనుకున్న ఆ మోకాలెత్తు పచ్చిక ఇదన్నమాట.

పెద్దాయన తన పొలాన్ని కరెంటు తీగతో చిన్న చిన్న మళ్ళుగా విడగొట్టుకున్నాడు. మన కొలతల్లో చెప్పాలంటే, గడ్డి జానెడు ఎత్తయ్యాక మందని వదులుతాడు, బెత్తెడు మిగిలి ఉండగానే పక్క మడిలోకి తోలేస్తాడు. మళ్ళీ ఆ మడికి వచ్చేది గడ్డి కోలుకున్నాకే. వసంతంలో మూడు వారాలు, నడివేసవిలో నెలన్నర కూడా పట్టొచ్చు. కంకి తలెత్తితే మెషీన్‌తో కొట్టేస్తాడు. ఫిబ్రవరిలో నేల గడ్డకట్టి ఉండగా క్లోవర్ విత్తనాలు చల్లుతాడు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నేల ఆ విత్తనాన్ని తనే లోపలికి లాక్కుంటుందట. క్లోవర్ మన జనుము, పిల్లిపెసరల కుటుంబంలోదే. మాంసకృత్తులు ఎక్కువ, నేలకి నత్రజని ఇస్తుంది, విషపు పాలు తగ్గిస్తుంది. అంతేకాదు, ఎర్ర క్లోవర్‌లో ఉండే ఒక పదార్థం కుదించుకుపోయిన రక్తనాళాలను కాస్త సడలిస్తుందని కెంటకీలోని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు చూపించారు.

ఆ బెత్తెడు మిగల్చడం వెనక ఇంకో లెక్క ఉంది. 1955లో క్రైడర్ అనే అమెరికా శాస్త్రవేత్త గడ్డిని రకరకాల ఎత్తుల్లో కోసి వేర్లని గమనించాడు. సగం ఆకు తీస్తే వేర్ల ఎదుగుదలకి పెద్ద దెబ్బ తగల్లేదు. అయిదింట నాలుగు వంతులు తీసేస్తే రోజుల తరబడి పూర్తిగా ఆగిపోయింది. అంటే ఆవు నేల దాకా కొరికినప్పుడు ఆ పూట మేతే కాదు, వచ్చే నెల మేత కూడా తినేస్తోంది. వయసు సంగతి సరేసరి. కంకి వేసిన గడ్డిలో పీచు పెరిగి మాంసకృత్తులు పడిపోతాయి. నిజానికి మనం మేపేది ఆవుని కాదు, దాని పొట్టలో మొదటి గదిలో ఉండే సూక్ష్మజీవుల్ని. మేతలో మాంసకృత్తులు ఏడు శాతం కన్నా తగ్గితే వాటికే తిండి చాలదు, పీచు అరగదు, ఆవు కడుపు నిండా తిని చిక్కిపోతుంది. మన వరిగడ్డి, జొన్నచొప్ప ఆ గీత కింద ఉండేవే. మా నాయన చొప్పతో పాటు వేరుసెనగ చెక్క ఎందుకు పెట్టేవాడో నాకు ముప్పై ఆరేళ్ళకి, మిస్సోరీలో అర్థమైంది.

ఇదంతా చదువుతున్నప్పుడు అసలు వెంటాడింది వేరే. రాయలసీమ, తెలంగాణ మెట్ట పొలాల వాళ్ళకి 'నాము' అంటే తెలిసే ఉంటుంది. (టైపు చేస్తే ఫోను 'నామం' అని దిద్దుతోంది.) జొన్న కోసేశాక ఒక వాన పడితే కొయ్యకాళ్ళకి పిలకలు లేస్తాయి. ఆ తరవాత వాన మొహం చాటేస్తే ఆ పిలకలు గిడసబారి ముదురు పచ్చగా నిలబడతాయి. అదే నాము. లేత జొన్నాకులో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది, బెట్టకి గురైతే ఇంకా పెరుగుతుంది. ఆవు నమిలినప్పుడు అది విచ్చిపోయి సైనైడ్ వస్తుంది. ఫెస్క్యూ ఏళ్ళ తరబడి పీడిస్తుంది, నాముకి అరగంట చాలు. అదే జొన్న పూతకొచ్చాక కోసి ఎండబెడితే ఏడాదంతా తిండి.

నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, మా ఆవు గంగిని నేనే తోలుకెళ్ళాను. ఊరంతా ఎండి ఉంటే మా జొన్నచేలో మాత్రం పచ్చగా పిలకలు. గంగికి మంచి చేస్తున్నాననే అనుకున్నాను. వేపచెట్టు కింద కూర్చుని చూసేసరికి అది తూలుతోంది. నోట్లోంచి నురగ. ఎవరో బెల్లం నీళ్ళు తాగించారు. పశువుల డాక్టరు సిరంజిలోకి ఎక్కించే విరుగుడు ఉందని నేను ఈమధ్యే చదివాను, ఆ రోజు డాక్టరుకి కబురు అందేలోపే అయిపోయింది. ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పాతికేళ్ళుగా మోస్తున్నాను.

మొన్న ఆదివారం నాయనకి ఫోన్ చేసి ఈ కరెంటు తీగ, జానెడు, బెత్తెడు అంతా చెప్పాను. ఆయనకిప్పుడు రెండు బర్రెలే ఉన్నాయి. ఈ ఏడు హైబ్రిడ్ జొన్న మేతకి వేశాడు.

"నాయనా, యాభై రోజులు దాటినాక కోయాల. మళ్ళీ లేచిన పిలకలు బెట్టకొస్తే అసలే ముట్టనీకు."

"నాకే చెప్తావా రా అది?" అని నవ్వినాడు.

అప్పుడు అడిగాను గంగి గురించి. కాసేపు మాట్లాడలేదు.

"ఆ పొద్దు నేను నంద్యాలకి పోవాల. నాము లేచింది, ఆ చేలోకి తోలొద్దని నీకు చెప్పి పోదామనుకున్యా. బస్సుకి టైమైంది, మర్చిపోయినా. చెప్పాల్సింటి."

తరవాత, అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాడు. పడుతున్నాయని చెప్పాను.